అరకులో శుక్రవారం సంత

శృంగవరపుకోట దాటి బస్సు ఘాట్ రోడ్డెక్కగానే చలి తగిలింది. అనంతగిరి కాఫీ తోటలు దాటి లోయలోకి వచ్చేసరికి పొలాల నిండా వలిస పూలు. ఫొటోల కోసం కొందరు ముందే దిగిపోయారు. నేను వచ్చింది సంత కోసం.

రాజ్మా, సామలు, చోళ్లు, అల్లం గోనెల మీద రాశులు పోసి ఉన్నాయి. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చీకటితోనే బయల్దేరి కొందరు జీపుల్లో, కొందరు తట్టలు నెత్తిన పెట్టుకుని కొండలు దిగి వచ్చారు. పల్లపు వ్యాపారుల దగ్గర ఎండుచేపలు, ఉప్పు, గాజులు, బట్టలు. పొద్దున అల్లం అమ్మిన డబ్బు మధ్యాహ్నానికి ఉప్పూ ఎండుచేపా అయి ఇంటిదారి పడుతుంది. ఆదివాసీ ఒరియా, తెలుగు ఒకే బేరంలో కలిసిపోతున్నాయి.

ఓ పెద్దామె దగ్గర అల్లం కొన్నాను. "ఇంతదూరం మోసుకొచ్చావు, మిగిలిపోతే ఎలాగమ్మా?" అని అడిగాను.

"మిగిల్తే మిగిల్తాది బాబూ. మా పిల్లనిచ్చిన ఊరోళ్లు ఇక్కడికే వస్తారు. దాని కబురు తెలుస్తాది" అంది.

ఆ మాట విన్నాక, సంతంటే సరుకు కొనే చోటు మాత్రమే అనుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను. దళారుల తూకాల నుంచి గిరిజనుల్ని కాపాడటానికి గిరిజన సహకార సంస్థ 1956లోనే పుట్టింది. మంచి ధర ముఖ్యమే. కానీ వారానికోసారి చుట్టాలు కలిసే చోటు పోతే దాన్ని ఆ సంస్థ వారి ఏ డిపో తెచ్చివ్వగలదు?

అల్లం అమ్మిన ఆ పెద్దామెకు సంతలో నీడ తలమీది కొంగే. నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోవే. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఏ ఊరి సంతలోనైనా వసూలయ్యే ఆశీలు ముందు ఆ సంతకే ఖర్చు కావాలి. రేకుల షెడ్డు, తాగునీరు, పొద్దంతా కూర్చునే ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఎవరైనా తూకం సరిచూసుకునే కాటా. ఇంతకంటే పెద్ద కట్టడాలు అక్కర్లేదు. గదులు కట్టి తాళాలిస్తే, తట్టతో వచ్చే మనిషికి అందులో చోటుండదు.

అరకు వెళ్లేవాళ్లకు ఒక మనవి. వీలైతే శుక్రవారమే వెళ్లండి. అల్లమో రాజ్మానో సంతలోనే కొనండి. పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి.