రాజీనామా చేస్తే రోడ్డొస్తుంది!

‘‘బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో చెప్పలేంగానీ, ఎమ్మెల్యే రాజీనామా చేస్తే మాత్రం నిధులు పడటం ఖాయం!’’

2022 ఆగస్టులో చౌటుప్పల్ చాయ్ హోటళ్లలో తిరిగిన మాట ఇది. విన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. రోజూ పొద్దున్నే పేపరు చూడ్డానికి వచ్చే రిటైర్డ్ టీచరు కూడా నవ్వారు. ఊళ్లో అందరూ ఆయన్ని ‘సారు’ అనే పిలుస్తారు. ఇంటికెళ్లేదాకా సారు నవ్వుతూనే ఉన్నారు. తీరా తన వీధి మొదట్లో కంకర కుప్పలు, సిమెంటు బస్తాలు కనిపించేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఏళ్ల తరబడి కాగితాలు పెట్టుకున్నా రాని రోడ్డు... వచ్చేసింది!

హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఉన్న చౌటుప్పల్‌ని అందరూ చూసే ఉంటారు. సంక్రాంతికి సొంతూళ్లకు వెళ్లేవాళ్లకు ఈ మండలంలోని పంతంగి టోల్‌గేటు దగ్గర గంటల తరబడి నిలబడిన అనుభవం ఉండే ఉంటుంది. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం మునుగోడే. ఆ మునుగోడు పేరు 2022లో దేశమంతా మోగిపోయింది.

2018లో కాంగ్రెస్ టికెట్‌పై గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి ఆ ఏడాది ఆగస్టులో పదవికి రాజీనామా చేశారు. ప్రతిపక్ష ఎమ్మెల్యేనన్న కారణంతో తన నియోజకవర్గానికి నిధులివ్వడం లేదన్నది ఆయన ఫిర్యాదు. తన రాజీనామాతోనైనా సర్కారు మునుగోడు వైపు చూస్తుందన్నారు. ఆ నెలలోనే బీజేపీలో చేరారు.

నిజంగానే సర్కారు చూసింది! జనం ఏళ్ల తరబడి అడుగుతున్న గట్టుప్పల్ మండలం రాజీనామా వార్తలు గుప్పుమంటున్న రోజుల్లోనే మంజూరైంది. మంత్రులు, ఎమ్మెల్యేలు ఊళ్లు పంచుకుని మకాం వేశారు. గెలిపిస్తే నియోజకవర్గాన్ని దత్తత తీసుకుంటానని కేటీఆర్ ప్రకటించారు. రాజగోపాల్‌రెడ్డి 18 వేల కోట్ల రూపాయల కాంట్రాక్టు కోసమే పార్టీ మారారని టీఆర్‌ఎస్ ఆరోపించింది. అదంతా అబద్ధమని ఆయన కొట్టిపారేశారు. ఆ 18 వేల కోట్లేవో నల్లగొండ జిల్లాకిస్తే పోటీ నుంచే తప్పుకుంటామని టీఆర్‌ఎస్ నేతలు సవాలు విసిరారు. అంటే, ఎన్నికకే ఓ ధర కట్టేశారన్నమాట!

ఈ కథకు ముందు భాగం హుజూరాబాద్‌లో నడిచింది. 2021లో ఈటల రాజేందర్ రాజీనామాతో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. ఆగస్టు 16న కుటుంబానికి 10 లక్షల రూపాయలిచ్చే దళితబంధును అక్కడే మొదలుపెట్టారు. ‘ఇది పైలట్ ప్రాజెక్టు, ఓట్ల కోసం కాదు’ అంది అధికార పార్టీ. ‘ఓట్ల కోసమే’ అన్నాయి ప్రతిపక్షాలు. ‘మరి మా ఎమ్మెల్యే ఎప్పుడు రాజీనామా చేస్తడు?’ అని అడిగారు మిగతా నియోజకవర్గాల జనం. ఈ మూడింటిలో మూడో మాటే నిజాయతీగా ఉందనిపించింది సారుకి.

ఆయన్ని బాధపెట్టింది రోడ్డు రావడం కాదు, దానికి పార్టీలు పెట్టుకున్న పేర్లు. తాము ఇస్తే అభివృద్ధి. అవతలివాళ్లు ఇస్తే ప్రలోభం. మన పార్టీ పథకమైతే సంక్షేమం, ఎదుటి పార్టీదైతే ఉచితాల పందేరం. 2022 జూలైలో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వేని ప్రారంభిస్తూ ప్రధాని మోదీ ‘రేవడీ సంస్కృతి’ దేశానికి ప్రమాదమని హెచ్చరించారు. రేవడీ అంటే నువ్వులు, బెల్లంతో చేసే మిఠాయి. మిఠాయి పంచొద్దని అన్ని పార్టీలూ చెబుతాయి... ఎదుటివాళ్లకి!

ఇది మునుగోడుతో ఆగే వ్యవహారం కాదు. 2024 జూలై 23న పెట్టిన కేంద్ర బడ్జెట్లో అమరావతి కోసం 15 వేల కోట్ల రూపాయలు సమకూరుస్తామన్నారు. బిహార్‌కూ భారీగానే వరాలు దక్కాయి. కేంద్రంలో ప్రభుత్వం నిలబడాలంటే ఆ రెండు రాష్ట్రాల మిత్రపక్షాల మద్దతు కావాలి మరి! ‘కుర్చీ కాపాడుకునే బడ్జెట్’ అని ప్రతిపక్షం మండిపడింది. తెలంగాణకు అన్యాయం జరిగిందంటూ మర్నాడే మన శాసనసభ తీర్మానం చేసింది. రాజధాని లేకుండా మిగిలిన ఆంధ్రకు సాయం అవసరమే. విభజన చట్టం ఆ మాట ఇచ్చింది కూడా. కానీ 2014లో ఇచ్చిన మాట 2024లో ఎందుకంత గట్టిగా గుర్తొచ్చింది? ఢిల్లీలోనూ చౌటుప్పల్ సూత్రమే... అవసరం ఎప్పుడూ ఉంటుంది, అది కనపడాలంటే మాత్రం ఓటు అవసరపడాలి.

అమెరికాలో దీన్ని ‘పంది మాంసం పీపా’ అంటారు. సభ్యులు ఖజానా పీపాలోంచి తమ ప్రాంతానికి తలో ముక్కా లాక్కెళ్తారని వెటకారం. ఇక ఆ పని చెయ్యబోమని అక్కడి కాంగ్రెస్ 2011లో ఒట్టు పెట్టుకుంది. 2021లో దానికే కొత్త పేరు పెట్టి మళ్లీ తెచ్చుకుంది. మన దగ్గర ఎంపీ ల్యాడ్స్ 1993 డిసెంబరులో, పీవీ నరసింహారావు హయాంలో మొదలైంది. మొదటి ఏడాది ఎంపీకి 5 లక్షల రూపాయలు. 2011-12 నుంచి ఏటా 5 కోట్లు. ఈ పథకాన్ని రద్దు చెయ్యాలని వీరప్ప మొయిలీ నేతృత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సిఫార్సు చేసింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ సిఫార్సు మాత్రం అమలు కాలేదు.

సారుకి ఇవన్నీ కంఠతా వచ్చు. అయితే ఆయన మనసులో మెదిలేది మాత్రం మరో ఎన్నిక. 1996 నాటి నల్లగొండ లోక్‌సభ ఎన్నిక. అప్పుడాయనకు పోలింగ్ డ్యూటీ పడింది.

ఈ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పే. పళ్లు గారబడతాయి. మోకాళ్లు, వెన్ను వంకర్లు పోతాయి. ఫ్లోరైడ్ నీటిని పటికతో, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. పేరు ప్రపంచమంతా తిరిగొచ్చినా నీళ్లు మాత్రం ఊళ్లకు రాలేదు. దాంతో 1996లో జలసాధన సమితి పిలుపుతో జనమే నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు! ఎన్నిక వాయిదా పడింది. ఒక్క కాగితంలో ఇమడక బ్యాలెట్ పుస్తకమైంది. ముసలివాళ్లు దాన్ని తిప్పలేక, గుర్తు దొరక్క అవస్థపడుతుంటే, అది ఫిర్యాదుల పుస్తకంలా అనిపించింది సారుకి.

ఆ ఏడాదే చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ని 500 నుంచి 10 వేల రూపాయలకు పెంచారు. నీళ్లడగడానికి వందలాది సామాన్యులు పోటీ చేస్తే డిపాజిట్ 20 రెట్లయింది. పాతికేళ్ల తర్వాత ఒక్క నాయకుడు రాజీనామా చేస్తే మంత్రులంతా గడప ముందు వాలారు. ఈ తేడాయే సారు గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

అలాగని నీళ్లు రానేలేదా అంటే... వచ్చాయి. మిషన్ భగీరథ పైలాన్‌కి 2015 జూన్‌లో కేసీఆర్ శంకుస్థాపన చేసింది చౌటుప్పల్లోనే. రాష్ట్రంలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఆ పథకం ఖర్చు మీద ఎన్ని వాదోపవాదాలైనా ఉండనీయండి. ఒక్కటి మాత్రం నిజం. ఆ నీళ్లు ఉప ఎన్నిక పేరు చెప్పి రాలేదు. రాష్ట్రమంతటికీ గీసిన గీతలో భాగంగా వచ్చాయి. ఏ ఊరు ఏ పార్టీకి ఓటేసిందో పైపుకు తెలియదు.

ఉప ఎన్నిక వచ్చేసరికి అవే నీళ్లు వీధి పోరాటమయ్యాయి. చౌటుప్పల్‌లో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడతామని జె.పి.నడ్డా 2016లో కేంద్రమంత్రిగా హామీ ఇచ్చారు. అది రాలేదు. 2022 అక్టోబరులో దండుమల్కాపురం దగ్గర ఎవరో గొయ్యి తవ్వి, ఆయన ఫొటో పెట్టి సమాధి కట్టారు. బతికున్న మనిషికి సమాధి ఏమిటని బీజేపీ ఆగ్రహించింది. వారం పాటు చర్చంతా సమాధి మీదే. పరిశోధన కేంద్రం సంగతి ఎవరికీ గుర్తులేదు.

నవంబరు 3న పోలింగ్. దాదాపు 93 శాతం ఓట్లు పడ్డాయి. టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 10,309 ఓట్లతో గెలిచారు. ఏడాది తిరక్కుండానే రాజగోపాల్‌రెడ్డి మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లి, 2023 ఎన్నికల్లో అదే మునుగోడు నుంచి గెలిచారు. మనుషులు పార్టీలు మారారు, పార్టీలు మాటలు మార్చుకున్నాయి. నిన్న వివక్ష అన్నవాళ్లు ఇవాళ న్యాయమంటారు. నిన్న న్యాయమన్నవాళ్లు ఇవాళ వివక్షంటారు.

మరి జనం? సారు తనను తానే అడుగుతుంటారు. సిమెంటు రోడ్డు పడిన రోజు ‘ఇది మా హక్కు’ అనుకోలేదాయన. ‘అమ్మయ్య, మన అదృష్టం’ అనుకున్నారు. పక్క నియోజకవర్గంలో ఏ ఎన్నికా లేని ఓ ఊళ్లో మరో టీచరు వానాకాలంలో బురదలో నడుస్తుంటాడన్న ఆలోచన వారం తర్వాతగానీ రాలేదు. ఖజానాలోది అందరి సొమ్మూ. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం, టోల్‌గేటు దాటినా కడుతున్నాం. మన డబ్బు మన గడప తొక్కితే దణ్ణం పెట్టడం మనకి ఎవరు నేర్పారు? పార్టీల మాట సరే, మనకైతే అభివృద్ధి, పక్కవాళ్లకైతే దుబారా అనే అలవాటు మనలోనూ లేదూ?

సారు ఎదురింట్లో ఓ నేత కార్మికుడుంటాడు. మర్రిగూడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చిన్నప్పుడు తాగిన నీళ్లు మోకాళ్లని వంచేశాయి. గుంట మగ్గంలోకి దిగి కాళ్లతో తొక్కే పని ఎప్పుడో మానేశాడు. రోడ్డు పూర్తయ్యాక ఓ సాయంత్రం కర్ర పట్టుకుని దాని మీదికి వచ్చాడు. సారు చెయ్యందించారు. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు.

‘‘రోడ్డు మంచిగేసిండ్రు సారూ’’ అన్నాడతను. ‘‘గిదే ముప్పయ్యేండ్ల కింద ఏస్తే ఉరికెటోణ్ణి.’’