సున్నపురాళ్ల నడుమ నీటి అమానతు

పిడుగురాళ్ల అనగానే పల్నాటి ప్రజలకు మొదట గుర్తుకు వచ్చేవి సున్నపు బట్టీలు. గుంటూరు నుండి మాచర్ల వైపు రైలులో వెళ్లినా, అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై ప్రయాణించినా, పత్తి, మిరప చేల నడుమ ఆకులపై పేరుకున్న తెల్లని దుమ్మే ఊరు దగ్గర పడిందని తెలుపుతుంది. ఇక్కడి నేల సున్నపురాతి నేల. బట్టీలో రాయిని, బొగ్గును పొరలు పొరలుగా పేర్చి కాలుస్తారు. ఎందరో కూలీల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ బట్టీల వేడి వలననే.

ఈ రాతినే నీరు కూడా నెమ్మదిగా కరిగిస్తూ ఉన్నదన్న సంగతిని మాత్రం మనం అంతగా గమనించము. వాన చినుకు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణాన్ని పొందుతుంది. అది రాతి పగుళ్లలోకి దిగి వేల సంవత్సరాల పాటు సున్నాన్ని కరిగిస్తే, పగుళ్లు సందులై, సందులు గుహలవుతాయి. మన వంటింట్లో నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లని పొర ఆ కరిగిన సున్నమే. కొండ కడుపులో జరిగే పని ఆనవాలు ప్రతి ఇల్లాలి చేతి గిన్నెలో కనిపిస్తూనే ఉన్నది.

కొండ లోపలి కొలను

పిడుగురాళ్ల మండలంలోని గుత్తికొండ బిలం అటువంటి గుహ. మా మద్రసా విద్యార్థులలో పెద్దవారిని వెంటబెట్టుకొని మేము అక్కడికి వెళ్లాము. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. లోపల చీకటి, ఉక్క, తడిసిన రాతి వాసన. టార్చి వెలుగులో తలలు వంచుకుంటూ నడిస్తే లోపల నీటి మడుగు ఎదురవుతుంది. నడి వేసవిలోనూ ఆ నీరు ఇంకదని స్థానికులు చెబుతారు. ముచికుంద మహర్షి గాథతో ముడివడిన ఈ స్థలాన్ని హిందూ సోదరులు పవిత్రంగా భావిస్తారు. తొలి ఏకాదశి నాడు జనం పెద్ద సంఖ్యలో వచ్చి ఇక్కడ స్నానాలు చేస్తారు.

మా విద్యార్థి ఒకడు అక్కడే అడిగాడు: “హజ్రత్, ఇంత సున్నం కలిసిన నీటితో వుజూ అవుతుందా?” మంచి ప్రశ్న. నీరు తాను పుట్టిన చోటి నుండి, తాను ప్రవహించే నేల నుండి తెచ్చుకున్న సున్నం, ఉప్పు, గంధకం వంటి వాటి వలన దాని శుద్ధత పోదని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. రాతి సున్నం నీటి సహజ లక్షణం. మనిషి తెచ్చి పడవేసే మలినం సంగతి వేరు.

ఆ మలినం వెతకకుండానే మా కంట పడింది. సబ్బు రేపర్లు, షాంపూ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, విడిచిపెట్టిన తడి బట్టలు దారి పొడవునా ఉన్నాయి. వాటిని పారవేసిన చేతులు ఒక్క మతానివి అని ఎవరూ అనలేరు. సెలవు రోజులలో చూడవచ్చేవారిలో మనవారూ ఉన్నారు.

కట్టినవారు, కాపాడినవారు

వేడినీటి ఊటలు, ఖనిజ జలాలు ఉన్న ప్రతి చోటా ఇదే సమస్య. భద్రాచలానికి సమీపాన గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తీస్తే వేడినీరు ఊరుతుంది. ఆ వింతను చూసి వచ్చేవారు ఎందరో ఉంటారు. తీసిన గుంటను పూడ్చి, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకువెళ్లేవారు ఎందరుంటారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

బీహార్‌లోని రాజ్‌గీర్ కొండల పాదాల వద్ద ఉష్ణ కుండాలు ఉన్నాయి. క్రీ.శ. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ సైతం వాటిని పేర్కొన్నాడు. వాటిలో ఒకదాని పేరు మఖ్దూమ్ కుండ్. 1381లో మరణించిన సూఫీ పండితులు మఖ్దూమ్ షర్ఫుద్దీన్ యహ్యా మనేరీ (రహ్మతుల్లాహి అలైహి) ఆ కొండలలో ఏకాంత ఆరాధనలో గడిపారు. ఒకే కొండల వరుస కింద హిందువుల కుండాలు, ముస్లిముల కుండం పక్కపక్కన ఉన్నాయి. అన్నింటికీ నీరిచ్చేది ఒకే నేల. చుట్టుపక్కల లోతైన బోర్లు వేసి నీటిని తోడివేస్తే, ఎవరి కుండం ఎవరిదని చూడకుండా ఊటలన్నీ సన్నగిల్లుతాయి.

మన చరిత్రలో నీటి ధర్మకార్యం అనగానే అందరికీ జుబైదా మహారాణి గుర్తుకు వస్తారు. హారూన్ రషీద్ సతీమణి అయిన ఆమె హాజీల కోసం కొండల నడుమ నుండి మక్కాకు నీటి కాలువను నిర్మింపజేశారు. ఆమె క్రీ.శ. 831లో మరణించారు. అయితే ఆ కాలువ శతాబ్దాల తరబడి నిలిచినది కేవలం ఆమె కట్టించినందువలన కాదు. ఇసుక పూడినప్పుడల్లా, రాయి కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు ముందుకు వచ్చి బాగు చేయించారు. 16వ శతాబ్దంలో ఉస్మానీయ సుల్తాన్ సులైమాన్ కుమార్తె మిహ్రిమా ఆ మరమ్మతుకు ధనం సమకూర్చారు. కట్టించినవారి పేరు లోకమంతా ఎరుగును. పూడిక తీసిన కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ పేర్లు అల్లాహ్‌కు తెలుసు.

ఏమి చేయవచ్చు?

గుత్తికొండ వంటి చోట మెరుగుదల అంటే రంగులు పూసిన స్వాగత ద్వారం కాదు. అవసరమైనవి కొన్నే ఉన్నాయి.

మొదటిది, సబ్బు, షాంపూ నీటి దగ్గరకు రాకూడదు. అది పారే ఏరు కాదు, కొండ కడుపులోని మడుగు. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేసి తిరిగి అందులోనే స్నానం చేయవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. నీటి రేవులలో, బాటలపై, నీడ పట్టున మలవిసర్జన చేయుట శాపానికి గురిచేసే పనులని హెచ్చరించారు.

రెండవది, మరుగుదొడ్లు ఊటకు పైన కాక దిగువన, దూరంగా ఉండాలి. ఇసుక నేల మురికిని కొంత వడకడుతుంది. సున్నపురాతి నేల వడకట్టదు. పగులులో పడిన మురికి నేరుగా నీటిలోనికే చేరుతుంది.

మూడవది, స్త్రీలు దుస్తులు మార్చుకొనుటకు మరుగైన గది, వృద్ధులకు పట్టుకొనే కమ్మీ, జారని మెట్లు ఉండాలి. గది లేనందున తడి బట్టలతోనే ఇంటి దారి పట్టే తల్లుల ఇబ్బంది మగవారి చర్చలలో ఎప్పుడూ చివరికే వస్తుంది.

నాలుగవది, ఏటా నీటి పరీక్ష జరిపించి ఫలితాన్ని అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కాఠిన్యానికి ఆ హద్దులు 200, 600 మిల్లీగ్రాములు. గోరువెచ్చని ఖనిజ జలంలో స్నానం కీళ్ల నొప్పులకు కొంత ఉపశమనం ఇవ్వవచ్చును. అంతమాత్రాన ఏ ఊటనూ సర్వరోగ నివారిణి అని నమ్మి మందులు మానివేయకూడదు.

మనకెందుకు అనే ప్రశ్న

“అది వారి పుణ్యస్థలం కదా, మనకెందుకు?” అని మా బంధువు ఒకరు అన్నారు. ఈ మాటను తేలికగా తీసివేయరాదు. విశ్వాసం విషయంలో హద్దులు మనకు స్పష్టం. ఇతరుల ఆరాధనలో మేము పాలుపంచుకోము, వారినీ మా ఆరాధనలోకి బలవంతం చేయము. అయితే నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలందరికీ భాగమున్నదని ప్రవక్త (స) బోధించారు. దారి నుండి ముల్లును తొలగించుట ఈమాన్‌లో ఒక శాఖ అని తెలిపారు. ఆ దారిన నడిచేవాడి మతం అడగమని చెప్పలేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోని రూమా బావిని కొని అందరికీ వదిలివేసి, తానూ అందరిలో ఒకరిగా అందులో చేద వేశారు.

గ్రామ పెద్దల అనుమతి తీసుకొని మా విద్యార్థులు ఒక ఉదయం బిలం వెలుపలి దారిని శుభ్రం చేశారు. ఆరు గోనె సంచులు నిండాయి. దూరం నుండి చూస్తూ నిలబడిన వృద్ధుడొకరు దగ్గరకు వచ్చి, “మౌల్వీ గారూ, ఈ పిల్లలు మీ వాళ్లేనా?” అన్నారు. ఔనన్నాము. ఆయన మరేమీ అనలేదు. కాసేపటికి ఇంటి నుండి పెద్ద బిందెతో మంచినీళ్లు, రెండు గ్లాసులు తెచ్చి వేపచెట్టు కింద పెట్టారు. పిల్లలు కూర్చొని, బిస్మిల్లాహ్ అని తాగారు.

సోదర సోదరీమణులారా! మీ ఊరిలో బిలం లేకపోవచ్చును. బావి ఉంటుంది, చెరువు గట్టు ఉంటుంది, మసీదులో వుజూ హౌజ్ ఉంటుంది. పిల్లలను వెంటబెట్టుకొని ఈ నెలలో ఒక్క జుమా నాటి ఉదయం దాని చుట్టూ చూడండి. ఏమి చేయవలసి ఉన్నదో ఆ నీటి గట్టే చూపుతుంది. ఆ పనిని సదఖా జారియాగా స్వీకరించమని అల్లాహ్‌ను వేడుకుందాము. ఆమీన్.