ఎలుగును చూసే కన్ను

టీవీలో పులి పరిగెడుతుంటే మా ఇంట్లో అందరం అన్నం కలపడం ఆపేసి మరీ చూస్తాం. ఆ అరనిమిషం కోసం కెమెరా వెనకాల ఒక మనిషి ఎన్ని రోజులు కదలకుండా కూర్చున్నాడో మాత్రం ఆలోచించం. అలా కూర్చున్నవాళ్ళలో ఒకరి గురించి ఈరోజు మీకు చెప్పాలనిపించింది.

ఆయన పేరు శేఖర్ దత్తాత్రి. మన పక్కనున్న చెన్నై ఆయన. పదమూడేళ్ళ వయసులోనే రోములస్ విటేకర్ గారి పాముల పార్కులో ఇష్టంకొద్దీ పనికి చేరారు. పాములు పట్టే ఇరులవాళ్ళ సహకార సంఘం మీద తీసిన సినిమాకి జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత కేరళ సైలెంట్ వ్యాలీ అడవిని తీశారు. పెద్ద పెద్ద విదేశీ ఛానళ్ళకి పనిచేశారు. అంత పేరొచ్చాక, అడవి అందాలు చూపిస్తే సరిపోదు, అడవి మిగలాలి కదా అని దారి మార్చుకున్నారు.

కర్ణాటకలో కుద్రేముఖ్ ఇనుప గనుల మీద 2001లో ఒక చిన్న సినిమా తీశారు. తవ్వకాలు 2005 చివరికల్లా ఆగాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. కోర్టులో పోరాడినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ సినిమా వాళ్ళకి అండగా నిలిచింది.

ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ మీదా ఒక సినిమా తీశారాయన. అవే తాబేళ్ళు మన బారువ ఒడ్డుకీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి.

ఇదంతా మా పెద్దాడపడుచుకి చెప్పాను. వాళ్ళది ఉద్దానంలో జీడితోట. "ఫొటోలు తీస్తే ఎలుగు ఊరుకుంటాదేటమ్మా?" అంది.

వదిన అడిగినదాంట్లో న్యాయం ఉంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరి ప్రాణం తీసింది, ఇంకొందరిని గాయపరిచింది. పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది. అప్పుడు అందరి సెల్‌ఫోన్లలోనూ ఎలుగు వీడియోలే. అంతకు ముందు దాన్ని చూసినవాళ్ళెవరు? ఏ పొదలో పడుకుంటుంది, పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని ఏ దారిన పోతుంది, జీడిపళ్ళ కోసం ఏ వేళకి దిగుతుంది?

ఎలుగు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. దగ్గరగా మనిషి ఎదురుపడి అదిరిపోతేనే చాలాసార్లు మీద పడుతుంది. పిక్కలు ఏరడానికి చీకటితో బయల్దేరే ఆడవాళ్ళకి ఈ మాట ప్రాణంతో సమానం.

అందుకే వదినతో అన్నాను: "ఎలుగు ఊరుకోదు వదినా. కానీ ఒకరెవరైనా రెండేళ్ళు మన తోటల్లో ఓపిగ్గా కూర్చుని దాన్ని చూసి, అది ఎప్పుడు ఎక్కడుంటుందో మనకి చూపిస్తే, నువ్వు ఏ వేళకి వెళ్ళకూడదో తెలుస్తుంది."

వదిన కాసేపు ఆలోచించింది. "అయితే రమ్మను. అన్నం నేనొండి పెడతాను" అంది.

మన పిల్లల్లో కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళుంటే ఈ మాట వాళ్ళ చెవిన వేయండి. భోజనానికి లోటుండదు.