ఒక్క చక్రానికి బ్రేకు

అక్కకి కారు కొనాలనుకున్నాక మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో నెల రోజులు ఒకటే చర్చ. ఉన్న డబ్బుకి రెండే దారులు: సన్‌రూఫ్ ఉన్న కారు ఒకటి, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీ ఉన్న కారు ఇంకొకటి. అక్క శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. సెకండ్ షిఫ్టు వారంలో రాత్రి పదకొండు దాటాక రాజీవ్ రహదారి మీద ఒక్కతే వస్తుంది. తూంకుంట, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా. దారి పొడవునా లారీలు, వానాకాలమైతే నిలిచిన నీళ్ళు.

నాన్న రెండూ వద్దన్నాడు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు ఇంజన్ నడిపి రిటైరయిన మనిషి. "చెయ్యి తిరిగిన డ్రైవర్‌కి ఇవన్నీ ఎందుకురా? స్పీడ్ చేతిల పెట్టుకుంటే చాలు."

కొట్టిపారేసే మాట కాదు. కానీ ఎంత చెయ్యి తిరిగినా, కాలి కింద బ్రేకు పెడల్ ఒక్కటే కదా. అది తొక్కితే నాలుగు చక్రాలకీ పడుతుంది. ఈఎస్‌సీ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయగలదు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

స్టీరింగ్ ఎంత తిరిగిందో ఒక సెన్సర్ చూస్తుంది. అంటే మనం ఎటు వెళ్ళాలనుకుంటున్నామో దానికి తెలుసు. బండి నిజంగా ఎంత తిరుగుతోందో, పక్కకి ఎంత జరుగుతోందో, ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో మిగతా సెన్సర్లు చెబుతాయి. మన ఉద్దేశానికీ బండి నడకకీ పొత్తు కుదరకపోతే, కంప్యూటర్ కలగజేసుకుంటుంది.

గేదె అడ్డమొచ్చిందనుకోండి. స్టీరింగ్ కుడికి తిప్పాం, బండి మాత్రం నేరుగా జారిపోతోంది. అప్పుడు కుడి వెనక చక్రానికి బ్రేకు పడి, బండి ముక్కు కుడికి తిరుగుతుంది. వెంటనే ఎడమకి తిప్పాం, ఈసారి వెనక భాగం కుడివైపు ఊగింది. అప్పుడు కుడి ముందు చక్రానికి బ్రేకు పడి, ఆ ఊపు ఆగుతుంది. అవసరమైతే ఇంజన్ బలం కూడా తగ్గుతుంది. ఇదంతా మనకి భయం వేసేలోపే.

బాష్ తయారుచేసిన ఈ పద్ధతి 1995లో మెర్సిడెస్ ఖరీదైన కార్లలో వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్ళు, రోడ్డుకి అడ్డమొచ్చిన దుప్పిని తప్పించినట్టు మెర్సిడెస్ చిన్న కారు ఏ-క్లాస్‌ని నడిపితే అది బోల్తా కొట్టింది. ఆ తర్వాత కంపెనీ ప్రతి ఏ-క్లాస్‌కీ దీన్ని పెట్టింది. అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి. స్వీడన్‌లో దుప్పులైతే మనకి గేదెలు, రాంగ్ రూట్ బైకులు. పరీక్ష మనకి రోజూ ఉన్నదే.

ఇదంతా చెప్పినా నాన్న కదల్లేదు. ట్రాక్షన్ కంట్రోల్ దగ్గరికొచ్చాక మాత్రం కళ్ళద్దాలు తీసి కూర్చున్నాడు. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దానికి బ్రేకు వేసి, బలాన్ని పట్టున్న రెండో చక్రానికి పంపుతుందని చెప్పాను.

"ఇది మా వీల్ స్లిప్పే కదరా," అన్నాడు.

తడిసిన పట్టాల మీద బరువైన గూడ్స్ కదిలేటప్పుడు ఇనప చక్రం అక్కడక్కడే తిరుగుతుంది. డీజిల్ ఇంజన్లలో అది పసిగట్టే రిలే ఉండేది. క్యాబ్‌లో లైటు వెలిగి, పవర్ తగ్గేది. చక్రాల ముందు పట్టా మీద ఇసుక పడేది. ఆ పట్టుతో బండి కదిలేది. మౌలాలి షెడ్డు ఇంజన్ల మీద ఎన్ని వానాకాలాలు అలా గడిచాయో చెబుతూ, మధ్యలో ఆగి అడిగాడు: "మరి దీన్ల ఇసుక ఎక్కడ పోస్తరు?"

దీన్లో ఇసుక లేదు. టైరుకీ రోడ్డుకీ మధ్య ఎంత పట్టుందో అంతే. ఉన్న పట్టుని నాలుగు చక్రాల్లో సరిగ్గా వాడుకోవడమే ఈ యంత్రం చేసే పని, లేని పట్టుని పుట్టించలేదు. అరిగిన టైర్లతో, నీళ్ళ మీద వందలో పోతే ఏ సెన్సరూ కాపాడదు.

ఆ జవాబు నాన్నకి నచ్చింది. సన్‌రూఫ్ లేని కారే కొన్నాం. టైర్లలో గాలి ఆదివారం పూట ఆయనే చూస్తాడు.

జులైలో ఒక రాత్రి అల్వాల్ దగ్గర వంపులో డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు రెండు సార్లు వెలిగి ఆరిందని, బండి దానంతటదే సర్దుకుందని అక్క అన్నం తింటూ చెప్పింది. నాన్న యంత్రం గురించి ఏమీ అనలేదు.

"ఎంతల ఉన్నవ్?"

"అరవై."

"రేపట్నుంచి నలభై," అని పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు.