హాస్టలులో తొలి వత్సరము

1956లో శంకుస్థాపన జరిగిన ఖనిజ, లోహ విద్యల కళాశాలయే 2005లో రాయపూరు ఎన్.ఐ.టి.గా పరిణమించి, అన్య రాష్ట్రీయులకు సగము సీట్లు విడిచియుండుటచేత, 1931 నాటి విజయనగరం–రాయపూరు రైలుమార్గమున వచ్చి దిగెడి మావంటి తెలుగు పిల్లలకు అచ్చటి హాస్టలు గదియే ప్రథమ పరదేశము.

ఆదివారము జి.ఇ. రోడ్డు వెంబడి తెలీబంధా చెరువుగట్టునకు పోదుము. దానిని ఇచ్చటివారు మెరీన్ డ్రైవ్ అందురు. విశాఖ కడలిని చూచి పెరిగినవానికి నవ్వు రాకుండునా! అయినను, సాయంవేళ ఆ గాలి హాయిగనే యుండును.

నా గదిలోని ఛత్తీస్‌గఢీ మిత్రుడు, రాత్రి నీళ్ళలో నానవేసి మర్నాడు ఉల్లిపాయతో భుజించెడి బోరే బాసీని అత్యంత గర్వముతో వర్ణింపగా, అది మా అమ్మమ్మ పెట్టెడి చద్దన్నమేనని గ్రహించి, నా ఆవకాయ సీసాలో వానికి సమభాగ మొసగితిని. మెస్సు రొట్టెలతో సంధి మాత్రము ఇంకను కుదురలేదు.