చౌక టికెట్టు ఖరీదు

మా గంగారంలో రైలు లేదు. పట్టాలు లేవు, కూత వినబడదు. ఊరి చుట్టూ అడవి. అడవి దాటితే కొత్తగూడ, ఆపైన గూడూరు, అటుపిమ్మట మానుకోట. మానుకోటను కాగితాల మీద మహబూబాబాదు అని వ్రాస్తారు గాని మా ప్రాంతంలో ఎవ్వరూ అట్లా పిలువరు. మా ఊరివారెవరైనా "రైలుకు పోతున్న" అన్నారంటే మానుకోటకు బయలుదేరినారని అర్థం.

నిజాం రాజ్యంలో రైలుమార్గం 1874లో వాడీ నుండి సికింద్రాబాదు వరకు వచ్చినది. 1886లో వరంగల్లు చేరినది, 1889లో బెజవాడను తాకినది. అంటే మానుకోట మీదుగా బండ్లు నూట ముప్పది ఏండ్లకు పైగా నడుస్తున్నవి. 2016లో మానుకోట జిల్లా కేంద్రమైనది, మా గంగారం మండల కేంద్రమైనది. పట్టాలకూ మాకూ మధ్య ఉన్న అడవి మాత్రం అక్కడనే ఉన్నది. కనుక గంగారం వాని రైలు ప్రయాణం స్టేషనులో కాక బస్సులో మొదలవుతుంది. బస్సుకూ బండికీ ఎన్నడూ పొత్తు కుదరలేదు. బస్సు తొందరగా చేరిన రోజున బండి ఆలస్యం. బస్సు టైరు పేలిన రోజున బండి నిమిషం తప్పకుండా వచ్చి పోయి ఉంటుంది.

మా అబ్బా గంగారంలో కుట్టుపని చేసేవారు. సంవత్సరానికి మూడు నాలుగు మారులు బట్టల తానులు, దారపు ఉండలు తెచ్చుకొనడానికి వరంగల్లు పోయేవారు. ప్యాసింజరు బండి తప్ప వేరొకటి ఎక్కినవారు కారు. "ఎక్స్‌ప్రెస్సుల పోతే గంట మిగులుతది. ఆ గంటను నేనేం జేసుకోవాలె?" అనేవారు. రుమాలు చెంగున చిల్లర నాణేలు ముడివేసుకొని వెళ్ళేవారు. కౌంటరు వద్ద చిల్లర లేనివాడు ప్రక్కకు జరగవలెను. ప్రక్కకు జరిగినవాడు మరల వరుస చివరన నిలువవలెను. అంతలో బండి కదులుతుంది. చౌక టికెట్టుకు కావలసినది డబ్బు కాదు, చిల్లర అని ఆయన సిద్ధాంతం. ఇప్పుడు సెల్‌ఫోనులో టికెట్టు కొనవచ్చును గనుక ఆ సిద్ధాంతం చెల్లదని ఈనాటి విద్యార్థులు అనవచ్చు. ఫోనులో సిగ్నలు లేని అడవి ఊళ్ళకు అది ఇంకా చెల్లుతూనే ఉన్నది.

రైలులో మూడవ తరగతి అనేది 1974లో రద్దయి రెండవ తరగతిలో కలిసిపోయినది. మహాత్మా గాంధీ 1917లోనే మూడవ తరగతి ప్రయాణికుల కష్టాలను గురించి వ్యాసం వ్రాసినారు. ఆ తరగతి పేరు పోయినది గాని జనరల్ పెట్టె తలుపు వద్ద ఒంటికాలి మీద నిలువబడి ప్రయాణం చేసినవారికి ఆ వ్యాసం పాతబడినట్లు తోచదు.

మేము 2010లో కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో చేరినాము. (వ్యాసకర్త ఒక్కడే అయినా 'మేము' అని వ్రాయడం పెద్దల సంప్రదాయం. టికెట్టు మాత్రం మేము ఎప్పుడూ ఒక్కటే కొన్నాము.) హాస్టలులో గది దొరకలేదు. మానుకోటలో మా ఖాలా ఇంట ఉండి రోజూ వరంగల్లుకు బండిలో పోయివచ్చేవారము. సుమారు 60 కిలోమీటర్ల దారి. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, పేకాట ఆడే ఉద్యోగస్థులు, నిద్రపోయే విద్యార్థులు. నెక్కొండ వద్ద ఎక్కే ముసలమ్మ ఒకామె తన గంప మీద మమ్ములను కూర్చుండమనేది. దినదినమూ టికెట్టు కొనేవారము. సీజను టికెట్టు అనేది నెలజీతం ఉన్నవారికని మా అభిప్రాయం. ఎవ్వరినీ అడుగలేదు. అడిగితే తెలియనివాడని అనుకుంటారేమోనని సిగ్గు.

ఆ సిగ్గుకు ఒకనాడు వెల కట్టవలసి వచ్చినది. ఆ ఉదయం పరీక్ష ఉన్నది. ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యమని చెప్పినారు. అంతలో ఒక సూపర్‌ఫాస్టు బండి వచ్చి నిలిచినది. చేతిలో ప్యాసింజరు టికెట్టు పెట్టుకొనియే ఎక్కినాము. కేసముద్రం దాటక మునుపే టీసీ వచ్చినాడు. తప్పు మాదే. అతడు మర్యాదగానే మాటలాడినాడు, రసీదు కూడ వ్రాసి ఇచ్చినాడు. ఛార్జీలోని తేడా గాక అపరాధ రుసుము కనీసం 250 రూపాయలు. ఆ దినం జేబులో ఉన్నవి తరువాతి సెమిస్టరు ఫీజు కొరకు అబ్బా రెండు పెండ్లిళ్ళ బట్టలు కుట్టి పంపిన రూపాయలు. పరీక్ష వ్రాసినాము గాని ఏమి వ్రాసినామో మాకే తెలియదు. ఇంటికి వచ్చి ఖాలాతో చెప్పుకొంటే ఆమె బియ్యపు డబ్బాలో నుండి తీసి ఇచ్చినది. అబ్బాకు ఈ సంగతి ఆయన బ్రతికి ఉన్నంతవరకు తెలియదు.

మరునాడు పేకాట జట్టులోని ఒక పెద్దమనిషి మా ముఖం చూచి సంగతి రాబట్టినాడు. విని నవ్వలేదు. "నీకు సీజను టికెట్టు సగం ధరకే వస్తది గదా తమ్మీ! కాలేజీల ఫారం వ్రాయించుకొని సంతకం పెట్టించుకో" అన్నాడు. పది నెలలుగా మేము మోసిన బరువు ఒక ఫారం దూరంలో దిగిపోయేదని ఆ దినమే తెలిసినది.

ఆ ఫారము వెనుక ఉన్న నిబంధనలు మా విద్యార్థులకు తెలియవలెనని ఇక్కడ వ్రాస్తున్నాము. ఇంటికీ విద్యాలయానికీ మధ్య ప్రయాణించే విద్యార్థులకు నెలసరి సీజను టికెట్టులో సగం రాయితీ ఉన్నది. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు 75 శాతం. మూడు నెలల టికెట్టు ఒకేసారి తీసుకొంటే నెల టికెట్టుకు 2.7 రెట్లు మాత్రమే. సెలవులకు స్వస్థలం పోయేవారికి సాధారణ రెండవ తరగతిలోను, స్లీపరులోను కూడ రాయితీ కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది: ఆడపిల్లలకు డిగ్రీ వరకు, మగపిల్లలకు పన్నెండవ తరగతి వరకు రెండవ తరగతి నెలసరి సీజను టికెట్టు పూర్తిగా ఉచితం. మదరసా విద్యార్థులకు కూడ ఇది వర్తిస్తుంది. 2020 మార్చి 20 నుండి వృద్ధుల రాయితీని తీసివేసినారు. మా అమ్మీ నాటి నుండి పూర్తి ఛార్జీ చెల్లించి హైదరాబాదు ఆసుపత్రికి పోయివస్తున్నది. కాని వికలాంగుల, రోగుల రాయితీలలో కొన్నిటితోపాటు విద్యార్థుల రాయితీ మిగిలినది. మిగిలినదని ఎవరూ డప్పు వేసి చెప్పరు.

2024 ఆగస్టు చివరన కురిసిన వానలకు సెప్టెంబరు 1న కేసముద్రానికీ మానుకోటకూ మధ్య కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. బండ్లు నిలిచినవి. కొన్ని రోజులకు మరల తిరిగినవి. మా తరగతిలో ఒక అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు. గంగారం మండలపు బిడ్డ; కేసముద్రంలో మేనత్త ఇంట ఉండి వరంగల్లుకు వచ్చి డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. రెండు వారాలు చూచి ఫోను చేసినాము.

"జ్వరమా బిడ్డా?"

"కాదు సార్. మన కాలేజి టైముకు అందేది ఎక్స్‌ప్రెస్సే. రానుపోను అరవై రూపాయలైతున్నయి. మా అత్త ఇస్తనే ఉన్నది గని, నాకే అడుగబుద్ధి అయితలేదు."

రోజుకు 60 చొప్పున నెలకు 24 దినములు వస్తే 1440 రూపాయలు. సీజను టికెట్టు అడిగినావా అన్నాము.

"అడిగిన సార్. ఆధారు కార్డుల గంగారం ఉన్నది. గంగారానికి స్టేషన్ ఏడున్నది, టికెట్టు ఏడికెల్లి ఇయ్యాలె అన్నరు."

పట్టాలు లేని ఊరివారికి మరొక శిక్ష ఇది. మేమే స్టేషనుకు పోయినాము. ఏ స్టేషనో చెప్పము, ఎక్కడనైనా ఇంతే. మొదటి దినం మా వంతు వచ్చేసరికి కిటికీ మూసినారు, డ్యూటీ మారే వేళ అట. రెండవ దినం కిటికీ తెరిచే ఉన్నది గాని లోపలి యువకుడు ఉచిత టికెట్టు మాట ఎన్నడూ వినలేదన్నాడు. వెనుక నిలిచినవారు మమ్ములను తొందరపెట్టినారు. లెక్చరరునని చెప్పుకొనబోయి మానుకొన్నాము. ఆ వరుసలో అందరికీ బండి ఉన్నది, మాకొక్కరికే లేదు. మూడవ దినం ఒక పెద్ద వయసు గుమాస్తా అద్దాలు సవరించుకొని, లావుపాటి పుస్తకం తిరగవేసి, "ఉన్నది సార్. పిల్ల కేసముద్రంల ఉంటున్నదని మీ ప్రిన్సిపాల్ గారు ఫారం మీద ధ్రువీకరిస్తే చాలు. ఆధారుల ఏ ఊరుంటే ఏంది?" అన్నాడు. మూడు దినములు పట్టినది ఆ ఒక్క వాక్యం వినడానికి.

ఇక ఫారం. కళాశాల కమిటీ పెద్దలు మన్నింతురుగాక. మన ఆఫీసు బీరువా అడుగున రాయితీ ఫారముల పుస్తకం దొరికినది. అట్టను చెదలు తిన్నవి. చివరి కౌంటరుఫాయిలు మీద 2011 అని ఉన్నది. అంటే మేము సగం ధరకు ప్రయాణించిన కాలం తరువాత ఇక్కడ ఎవ్వరూ ఆ పుస్తకాన్ని తెరువలేదు. ఎవ్వరూ అడుగలేదు గనుక ఎవ్వరూ తెరువలేదు. పుస్తకం ఉన్నదని తెలియదు గనుక ఎవ్వరూ అడుగలేదు. క్రొత్త పుస్తకం కొరకు ప్రిన్సిపాల్ గారు ఆ దినమే ఉత్తరం వ్రాసినారు. అది వచ్చేసరికి నవంబరు వచ్చినది. ఆ మధ్యలో అమ్మాయికి ఒక ఇంటర్నలు పరీక్ష పోయినది. దానికి మార్కులు ఎవ్వరమూ ఇయ్యలేకపోయినాము.

టికెట్టు వచ్చిన దినం ఆమె స్టాఫు రూముకు వచ్చి చూపినది. కేసముద్రం నుండి వరంగల్లు వరకు. మా వద్ద నుండి మరల తీసుకొని, పోగొట్టుకొంటానేమోనన్నట్లు నోటుపుస్తకం నడుమ దాచుకొన్నది. మరునాడు ఆమె వెంట మరి నలుగురు ఆడపిల్లలు వచ్చినారు. వారిలో ఒకామె రెండేండ్లుగా డోర్నకలు నుండి డబ్బు పెట్టి వస్తున్నది. ఆమెతో ఏమి అనవలెనో మాకు తోచలేదు.

పుస్తకం ఇప్పుడు ఆఫీసు బీరువాలో రెండవ అరలో ఉన్నది. పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గారికి తరగతి ఉంటుంది గనుక అంతకు ముందే రావలెను. ఫొటో మరువవద్దు. గంగారం వైపు నుండి వచ్చేవారు ఉండే చోటి చిరునామా కూడ కాగితం మీద వ్రాసుకొని రండి.