మామ్మగారు అడిగిన ప్రశ్న

"మీరు కౌన్సెలింగ్ ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని మొన్నొకావిడ అడిగారు. శిక్షణ తీసుకున్న చోటు చెప్పాను గానీ, నిజానికి నా మొదటి పాఠం మా పక్కింటి మామ్మగారి దగ్గర.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఏడో నెలలో నా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవారు. "చిన్నదానివే, మళ్ళీ పుడతార్లే." "అంతా మన మంచికే అనుకో." "ఏడిస్తే తిరిగొస్తుందా?" ఎవరిదీ చెడ్డ మనసు కాదు. కానీ ఆ మాటలు వినేకొద్దీ నా నోరు మూసుకుపోయింది. మా వారితో కూడా మాట్లాడటం మానేశాను. తెల్లవారితే, ఇంకో రోజెందుకొచ్చిందా అనిపించేది.

ఒక మధ్యాహ్నం మామ్మగారు చేటలో చిక్కుడుకాయలు పోసుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. సగం కాయలకి ఈనెలు తీయడం అయ్యాక, "పేరేం పెడదామనుకున్నావే అమ్మాయ్?" అన్నారు.

ఆ పేరు అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అన్నం సహించింది.

పిల్లలు కాస్త పెద్దయ్యాక, చచ్చిపోవాలనుకునేవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడే ఒక సంస్థలో వాలంటీరుగా చేరాను. వారానికి ఒక పూట. ఇలాంటి సేవ 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి ఫాదర్ మొదలుపెట్టారట. ఆయన కోసం వచ్చి కూర్చున్నవాళ్ళకి వాలంటీర్లు టీ ఇచ్చి, వాళ్ళు చెప్పేది వింటుంటే, చాలామందికి ఆయన దాకా వెళ్ళే అవసరమే లేకపోయేదట. అది వినగానే నాకు మామ్మగారి చేట గుర్తొచ్చింది! మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' మొదలుపెట్టారు.

శిక్షణలో నాకు కష్టమైనవి రెండు. ఒకటి, సలహా ఇవ్వకుండా వినడం. రెండోది, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడ్డాను. అలా జరగదనీ, అడిగితే లోపలి బరువు బయటపెట్టే దారి దొరుకుతుందనీ చెప్పారు. ఫోన్‌లో అది నిజమని ఎన్నోసార్లు చూశాను.

ఇంత నేర్చుకున్నదాన్ని, పోయినేడాది ఏప్రిల్‌లో ఏం చేశానో వినండి. మా అమ్మాయికి ఇంటర్ ఫస్టియర్‌లో ఫిజిక్స్ పోయింది. "పోన్లేమ్మా, సప్లిమెంటరీ ఉందిగా, ఇదేం పెద్ద విషయం!" అనేశాను. అది గదిలోకెళ్ళి తలుపేసుకుంది. భోజనానికి పిలిచినా రాలేదు. తలుపు దగ్గర నిలబడితే నా మాట నాకే వినిపించింది. "చిన్నదానివే, మళ్ళీ పుడతార్లే" అన్నవాళ్ళ గొంతే అది.

ఆరిన బట్టలు తీసుకుని లోపలికెళ్ళి, మంచం మీద కూర్చుని మడతపెడుతూ "చాలా కష్టంగా ఉందా నాన్నా?" అన్నాను. చాలాసేపటికి, "అందరికీ తెలిసిపోతుందమ్మా, కాలేజీకి ఎలా వెళ్ళను?" అంది. జవాబు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంక ఆ రెండో ప్రశ్న మిగిలింది. ఎంతమందిని అడిగానో! కన్నబిడ్డని అడగడానికి మాత్రం నాలుక కదల్లేదు. ఎలాగో అడిగాను.

"పొద్దున రిజల్ట్ చూసినప్పుడు అనిపించింది" అంది.

నా చేతిలో చున్నీ అలాగే ఉండిపోయింది. దాన్ని దగ్గరికి తీసుకుని, అదంతా చెప్పేదాకా విన్నాను. ఆ రాత్రి దాని పక్కనే పడుకుని, మర్నాడు మా వారూ నేనూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కన్నవాళ్ళం వింటే చాలదు, వైద్యం కూడా కావాలి.

సప్లిమెంటరీలో పాసయిందా అని అడుగుతారు కదూ? అయింది. కానీ నేను తలుచుకునేది ఆ మార్కుల్ని కాదు, అది నోరు విప్పిన ఆ రాత్రిని.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మౌనంగా ఉంటే, ధైర్యం చెప్పే ముందు ఒక్కసారి అడిగి చూడండి. ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళకి ప్రభుత్వం వారి టెలి మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు ఖర్చవదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దయచేసి రాసి పెట్టుకోండి.